మా ఇంట్లో ముగ్గురికి క్యాన్సర్ వచ్చింది, ఇమ్యూనిటీ జీన్ పరీక్ష చేయించుకోవాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌తో పోయారు. చిన్నమ్మకు ఈమధ్యే కడుపులో క్యాన్సర్ అని తేలింది. తాతకు, అంటే అమ్మ వాళ్ల నాయనకు, నోటి క్యాన్సర్ ఉండేది. మీరు దేవరకొండ దగ్గర పుట్టి, మేనమామ కొడుకునే చేసుకుని, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నారు. 11 ఏళ్లు, 8 ఏళ్లు ఉన్న ఇద్దరు ఆడపిల్లలు. "మా వంశంలోనే రోగనిరోధక శక్తి తక్కువ, అది రక్తంలోనే వస్తోంది" అని ఇంట్లో అంటున్నారు. ఊరి ఫ్లోరైడ్ నీళ్ల వల్లేమో అని కూడా అనుమానం. ఒక ల్యాబ్ వాళ్లు 18 వేలకు 'ఇమ్యూనిటీ జీన్' పరీక్ష చేస్తామన్నారు. చేయించుకోవాలా, పిల్లలకు కూడా చేయించాలా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ పరీక్ష మీకూ వద్దు, పిల్లలకూ వద్దు. పుట్టుకతో వచ్చే రోగనిరోధక జన్యువులకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉన్న మాట నిజమే. కానీ మీ ఇంట్లో అనుకుంటున్న తీరులో లేదు. చాలావరకు అది మధ్యలో ఒక వైరస్సో బ్యాక్టీరియానో ఉంటేనే పనిచేస్తుంది. జన్యువును మార్చలేం గానీ ఆ వైరస్‌నూ బ్యాక్టీరియానూ ఆపగలం. మీ టెన్షన్ కొంతైనా తగ్గాలంటే ఈ సంగతి అర్థం కావాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో 31 ఏళ్లు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ చేసి, రిటైరై మిర్యాలగూడకు వచ్చేశాను. కిడ్నీ మార్చాలన్నా, ఎముక మజ్జ మార్చాలన్నా ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ గుర్తులు కలవాలి కదా, ఆ గుర్తులే హెచ్‌ఎల్‌ఏ. మన 6వ క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉండే జన్యువుల గుంపు అది. రోగనిరోధక జన్యువులకు క్యాన్సర్‌తో సంబంధం గురించి జరిగిన పరిశోధనల్లో చాలా భాగం దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను చేరిన కొత్తలో పని అంతా చేత్తోనే. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ట్రే, అందులో 60 లేదా 72 చిన్న చిన్న గుంతలు. ఒక్కో గుంతలో ఒక్కో రకం సీరం. ఆ సీరం ఎక్కడిదో తెలుసా? నాలుగైదు కాన్పులైన తల్లుల రక్తం నుంచి తీసింది. కడుపులో ఉన్న బిడ్డకు తండ్రి వైపు గుర్తులు కూడా వస్తాయి. వాటిని తల్లి శరీరం పరాయివని పసిగట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవే మాకు పనిముట్లు. వాటి మీద రోగి తెల్ల రక్తకణాలు ఒక మైక్రోలీటరు, కాసేపు ఆగి కుందేలు సీరం, చివర్లో రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, బతికున్న కణాలు తళతళా మెరుస్తుంటాయి. చచ్చినవి రంగు పీల్చుకుని ముదురుగా, ఉబ్బి కనబడతాయి. ఏ గుంతలో చచ్చాయో చూసి ఆ మనిషి గుర్తులు రాసుకునేవాళ్లం. తర్వాత డీఎన్‌ఏ పద్ధతులు వచ్చాక ఆ ట్రేలు మూలపడ్డాయి గానీ, అన్నదమ్ములిద్దరి ట్రేలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం నాకు ఇప్పటికీ పోలేదు. ఒకే తల్లి కడుపున పుట్టినా ఇద్దరి గుర్తులూ పూర్తిగా కలవడానికి ఉన్న అవకాశం నాలుగింట ఒక వంతే.

ఈ హెచ్‌ఎల్‌ఏ చేసే పని మా ఊళ్లో చూసిన దానితో పోల్చి చెబుతాను. కోతల కాలంలో ఇక్కడ రైస్‌మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మిల్లు మనిషి లోడు మొత్తం దింపించి చూడడు. గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, ఊక ఊది, గింజ చూస్తాడు. దాన్ని బట్టే లోపలి సరుకు ఎలాంటిదో తేల్చేస్తాడు. మన కణాల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. కణం లోపల తయారైన ప్రొటీన్లు ముక్కలవుతాయి. 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కలను హెచ్‌ఎల్‌ఏ పట్టుకుని కణం పైకి తెచ్చి చూపెడుతుంది. టీ కణం అనే ఒక రకం తెల్ల రక్తకణం వచ్చి ఆ నమూనా చూస్తుంది. సొంత సరుకైతే వదిలేస్తుంది. వైరస్ ముక్కో, దెబ్బతిన్న జన్యువు నుంచి వచ్చిన వింత ముక్కో కనబడితే ఆ కణాన్నే చంపేస్తుంది. టీ కణం ఒట్టి ముక్కను చూడదు, హెచ్‌ఎల్‌ఏతో కలిపే చూస్తుంది. ఆ సంగతి 1974లో బయటపెట్టిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే అరచేయి అందరికీ ఒకేలా ఉండదు. హెచ్‌ఎల్‌ఏ మీద ముక్క కూర్చునే గాడి ఆకారం మనిషి మనిషికీ తేడా. మనుషుల జన్యువులన్నింటిలో ఇంత వైవిధ్యం ఉన్నవి మరేవీ లేవు, ఇప్పటికి పేరు పెట్టిన రకాలే 30 వేలు దాటాయి. ఏ, బీ, సీ అనే మూడు ముఖ్యమైన జన్యువులు తల్లి నుంచి మూడు, తండ్రి నుంచి మూడు, మొత్తం ఆరు వస్తాయి. వీటికి తోడు డీఆర్, డీక్యూ, డీపీ అని ఇంకో వరస ఉంది. ఒకరి గాడిలో ఫలానా వైరస్ ముక్క చక్కగా కూర్చుంటుంది, ఇంకొకరి గాడిలో జారిపోతుంది. జారిపోయినవాళ్లలో ఆ వైరస్ ఎక్కువ కాలం దాక్కోగలదు. వంశపారంపర్యంగా వచ్చే తేడా అంటే ముఖ్యంగా ఇదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోగనిరోధక శక్తి అంటే ఒకరికి నిండుగా, ఒకరికి సగం ఉండే ట్యాంకు నీళ్లు కాదు. ఒక జబ్బు మీద బాగా పనిచేసే రకమే ఇంకో జబ్బుకు దారి తీయవచ్చు. బి27 అనే హెచ్‌ఎల్‌ఏ రకం పేరు మీరు వినే ఉంటారు, నడుం పట్టేసిందని వెళ్తే ఆ పరీక్ష రాస్తారు. బి27 ఉన్నవాళ్లకు వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అదే బి27 ఉన్నవాళ్లు హెచ్‌ఐవీని, హెపటైటిస్ సీని మిగతావాళ్ల కంటే బాగా అదుపు చేస్తారు. ఇప్పుడు బి27ను మంచిదనాలా, చెడ్డదనాలా? పైగా అది ఉన్నవాళ్లలో చాలామందికి వెన్ను జబ్బు రానే రాదు.

ఈ బి27 పరీక్షకే ఒకసారి మర్రిగూడ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి. మెడ తిప్పలేడు, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. బెంచీ మీద కూర్చోమంటే గోడ పట్టుకుని మెల్లగా ఒరిగాడు. పరీక్షలో బి27 లేదని వచ్చింది. నేను పళ్లు చూశాను, గోధుమ రంగు చారలు. "ఏ నీళ్లు తాగుతారు?" అంటే "పుట్టినప్పటి నుంచీ బోరు నీళ్లే సార్" అన్నాడు. ఎక్స్‌రే చూసి డాక్టర్లు ఫ్లోరోసిస్ అని తేల్చారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం, మన నల్లగొండ పల్లెల్లో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ మనిషి బాధకు కారణం జన్యువు కాదు, నీళ్లు. మీ ఇంట్లో "రక్తంలోనే ఉంది" అంటున్నారని చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. మీ ఇంకో అనుమానానికి కూడా ఇక్కడే చెబుతాను. ఫ్లోరైడ్ ఎముకలను ఎంత పాడుచేసినా, తాగునీటి ఫ్లోరైడ్‌తో మనుషులకు క్యాన్సర్ వస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. ఆ భయం పక్కన పెట్టండి.

రోగనిరోధక వ్యవస్థ నిజంగా క్యాన్సర్‌ను ఎంత ఆపుతోందో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లను చూస్తే తెలుస్తుంది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వాళ్లు రోజూ నిరోధక శక్తిని అణిచే మందులు వేసుకుంటారు. వాళ్లలో మొత్తం మీద క్యాన్సర్ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఏ క్యాన్సర్లు అన్నదే అసలు విషయం. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, కపోసి సార్కోమా అనే రక్తనాళాల గోడల్లో పుట్టే క్యాన్సర్, కాలేయం, గర్భసంచి ముఖద్వారం. చర్మం, పెదవి క్యాన్సర్లను వదిలేస్తే, ఎక్కువగా పెరిగేవి చాలావరకు వైరస్‌లతో వచ్చేవే. రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ వాళ్లలో పెరగలేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో కూడా ఇదే తీరు. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. అంటే నిరోధక వ్యవస్థ బలహీనపడితే ముందుగా గేటు తెరుచుకునేది సూక్ష్మజీవుల వల్ల వచ్చే క్యాన్సర్లకే. ప్రపంచం మొత్తం మీద వచ్చే క్యాన్సర్లలో ఇలాంటివి 13 శాతం దాకా ఉంటాయి.

ఇక మీ అమ్మగారి సంగతి. ఈ క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. జలుబు వైరస్ అంత మామూలు, కాబట్టి అమ్మ గురించి గానీ నాయన గురించి గానీ తప్పుగా అనుకునే పనిలేదు. సోకినవాళ్లలో దాదాపు 90 శాతం మందికి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లలో, ముఖ్యంగా 16, 18 రకాలు ఉండిపోతే, 15-20 ఏళ్లకు క్యాన్సర్ కావచ్చు. ఎవరికి పోతుంది, ఎవరికి ఉండిపోతుంది అన్న దగ్గర హెచ్‌ఎల్‌ఏ పాత్ర వస్తుంది. డీఆర్ 13 రకం, దానితో కలిసి వచ్చే ఒక డీక్యూ రకం ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఉంటుందని చాలా దేశాల్లో మళ్లీ మళ్లీ కనబడింది. డీఆర్ 15, బీ 7 ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ ముప్పు. స్వీడన్‌లో 1999లో ఒక పెద్ద లెక్క తీశారు. ఈ జబ్బు వచ్చినవాళ్ల సొంత అక్కచెల్లెళ్లకు, కన్నతల్లులకు ముప్పు రెండింతలకు దగ్గరగా ఉంది. పెంచుకున్న తల్లులకు అంత లేదు. అంటే ఒకే ఇంట్లో ఉన్నందుకే కాదు, రక్తసంబంధం వల్ల కూడా కొంత వస్తోందన్న మాట.

రెండింతలు అనగానే గుండె జారిపోకండి. లెక్క కోసం నూరుమంది ఆడవాళ్లలో ఒకరికి వస్తుందనుకుందాం. రెండింతలంటే ఇద్దరికి. మిగతా 98 మందికి రాదు. బీఆర్‌సీఏ1 అనే జన్యువు దెబ్బతిన్నవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ 70 శాతం దాకా వస్తుంది, అక్కడ జన్యు పరీక్షకు విలువ ఉంది. హెచ్‌ఎల్‌ఏ రకాలు ఆ కోవలోవి కావు.

ఒక సొంత విషయం చెబుతాను. కొత్త ట్రేలు వచ్చినప్పుడు ముందు మా సొంత రక్తంతోనే సరిచూసుకునేవాళ్లం. అలా మా ఇంటిల్లిపాదివీ టైపింగ్ చేశాను. మా పెద్దక్కకూ రెండో అక్కకూ హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా ఒకటే. ఏ, బీ, డీఆర్ అన్నీ కలిశాయి. పెద్దక్క గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌తో 1998లో పోయింది. తెల్లబట్ట అవుతోందని, మధ్యమధ్య రక్తం కనబడుతోందని ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. చేలో పని, ఇంట్లో పని, చెప్పుకోవడానికి సిగ్గు. హైదరాబాద్ తీసుకొచ్చేసరికి జబ్బు ముదిరిపోయింది. రెండో అక్కకు ఇప్పుడు 72 ఏళ్లు. అవే గుర్తులు, అదే ఇల్లు, ఏ జబ్బూ లేదు. ఇద్దరిని చూసి శాస్త్రం తేల్చేయలేమని నాకూ తెలుసు. కానీ మూడు దశాబ్దాలు ఆ గుర్తులు చదివిన నాకు, మా అక్కను కాపాడడానికి ఆ చదువు పనికిరాలేదు. ముప్పై దాటాక ఒక్కసారి పరీక్ష చేయించి ఉంటే పనికొచ్చేది.

చిన్నమ్మ విషయం కొంచెం వేరు. కడుపు క్యాన్సర్‌లో ఎక్కువ భాగం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాతో మొదలవుతుంది. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఇది మన దేశంలో చాలామంది కడుపుల్లో చిన్నప్పటి నుంచే ఉంటుంది, అయినా జపాన్, కొరియాలతో పోలిస్తే మనకు కడుపు క్యాన్సర్ తక్కువే. కాబట్టి ఒట్టి బ్యాక్టీరియాతోనే అయిపోదు. ఇక్కడ పనిచేసే జన్యువుల్లో హెచ్‌ఎల్‌ఏ కాకుండా ఇంకోటి ఉంది, ఐఎల్ 1 బీటా. ఒంట్లో వాపు పుట్టించే సంకేతం అది. దానికి ఇంకో గుణం కూడా ఉంది, కడుపులో ఆమ్లాన్ని గట్టిగా తగ్గించేస్తుంది. పుట్టుకతో ఈ సంకేతం ఎక్కువగా వచ్చే రకం ఉన్నవాళ్లకు బ్యాక్టీరియా సోకితే, ఆమ్లం తగ్గిపోయి, బ్యాక్టీరియా కడుపంతా పాకి, లోపలి పొర ఏళ్ల తరబడి అరిగి, చివరకు క్యాన్సర్‌కు దారి ఏర్పడవచ్చు. 2000లో స్కాట్లాండ్, పోలండ్ వాళ్ల మీద జరిగిన పరిశోధనలో ఇది బయటపడింది. తర్వాత వేరే దేశాల్లో చూస్తే కొన్నిచోట్ల కలిసింది, కొన్నిచోట్ల కలవలేదు. ఒక్కటి గమనించండి. ఆ జన్యువు ఉన్నా బ్యాక్టీరియా లేకపోతే ఈ కథే మొదలుకాదు. బ్యాక్టీరియాకు రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు ఉంది.

తాత తంబాకు నమిలేవారని మీరే రాశారు. ఆయన జబ్బుకు వేరే కారణం వెతకాల్సిన పనిలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరు గుట్కా వేసుకుంటున్నా, తంబాకు నములుతున్నా అది మానిపించండి.

ఇలా చూస్తే మీ ఇంట్లో జరిగింది ఒక వంశపు శాపం కాదు. మూడు వేరువేరు కారణాలతో వచ్చిన మూడు వేరువేరు జబ్బులు.

మేనరికం గురించి మీరు చాలా బాధపడుతూ రాశారు. మీరు మేనమామ కొడుకును చేసుకున్నందుకు మీ జన్యువులు మారవు, మీ ముప్పు పెరగదు. తేడా వస్తే పిల్లలకు. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి నకలుగా వచ్చే అవకాశం 16లో ఒకటి. సొంత మేనమామనే చేసుకుంటే 8లో ఒకటి. హెచ్‌ఎల్‌ఏకు కూడా ఇదే లెక్క. అలా వస్తే ఆరు రకాల అరచేతులకు బదులు మూడు రకాలే ఉంటాయి, నమూనాలు తీసే వైవిధ్యం తగ్గుతుంది. బ్రిటన్, ఫిన్లాండ్ దేశాల పెద్ద డేటా మీద 2024లో వచ్చిన ఒక పరిశోధనలో, పొగ తాగేవాళ్లలో డీఆర్ వరస రెండు వైపుల నుంచీ వేరువేరుగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ కొంత తక్కువగా కనబడింది. ఆసక్తికరమైన సంగతే. కానీ మీ పిల్లలు పొగాకు ముట్టకుండా పెరిగితే వచ్చే లాభం ముందు ఈ తేడా ఏపాటి?

మేనరికంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది అరుదైన ఒంటి జన్యువు జబ్బుల విషయంలో. ఒక చర్మ జబ్బు ఉంది, ఈవర్ అనే రెండు జన్యువుల్లో ఒకటి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ దెబ్బతిని వస్తే చిన్నతనం నుంచే ఒళ్లంతా పులిపిర్లు వస్తాయి. మనందరి చర్మం మీద ఊరికే పడి ఉండే కొన్ని హెచ్‌పీవీ రకాలను వాళ్ల చర్మ కణాలు అదుపు చేయలేవు. పెద్దయ్యాక ఎండ తగిలే చోట చర్మ క్యాన్సర్ వస్తుంది. రోగనిరోధక జన్యువు, వైరస్, క్యాన్సర్ మూడూ ఒకే గీత మీద కనబడే జబ్బు ఇది. మేనరికంతో సంబంధం లేకుండా మగపిల్లలకు తల్లి ద్వారా వచ్చేది ఇంకోటి ఉంది. చాలామందికి తెలియకుండానే సోకి పోయే ఈబీ వైరస్, ఆ పిల్లల్లో ప్రాణం మీదకు తెస్తుంది, బతికి బయటపడితే లింఫోమా రావచ్చు. దాని జన్యువు 1998లో దొరికింది. ఇలాంటివి చాలా అరుదు. అనుమానించాల్సిన గుర్తులు వేరే ఉంటాయి. బిడ్డకు ఏడాదిలో రెండుసార్లు నిమోనియా రావడం, చెవిలో చీము మానకపోవడం, నోట్లో తెల్లపూత పోకపోవడం, అంతకుముందు పిల్లలు ఇన్ఫెక్షన్లతో చిన్నతనంలోనే పోయి ఉండడం. మీ పిల్లలకు జలుబు, జ్వరం తప్ప ఏమీ రాలేదని రాశారు. అయితే వాళ్లకు ఈ జబ్బుల కోసం పరీక్ష అక్కర్లేదు. ఎవరింట్లోనైనా ఆ గుర్తులు ఉంటే మాత్రం నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వారి జెనెటిక్స్ ఆసుపత్రి ఉంది, ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

18 వేల పరీక్ష ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. వాళ్లిచ్చే రిపోర్టులో ఇరవై ముప్పై జన్యువుల పేర్లు, పక్కన ఎరుపు, పచ్చ గుర్తులు ఉంటాయి. ఒక్కో రకం ముప్పును మార్చేది సాధారణంగా ఒకటింపావు, ఒకటిన్నర రెట్లు, అంతే. ఆ అంకెలు కూడా ఎక్కువగా యూరప్, చైనా, జపాన్ వాళ్ల మీద తీసినవి. మన తెలుగు నేలలో ఒక్కో కులం, ఒక్కో తెగ వేల ఏళ్లుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయి. ఆ కారణంగా ఏ రకాలు ఎక్కువ, ఏవి తక్కువ అన్నది ఊరిలోనే వాడవాడకూ మారుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటివి కలిసి మన దేశంలో 10 వేల మంది జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకులకు 2025లోనే అందుబాటులోకి వచ్చింది. దాని నుంచి మనకు పనికొచ్చే లెక్కలు తేలాలంటే ఇంకా పని ఉంది. అన్నిటికంటే ముఖ్యం, రిపోర్టులో ఎరుపు వచ్చినా పచ్చ వచ్చినా మీరు చేయాల్సిన పనులు మారవు. పచ్చ వచ్చిందని స్క్రీనింగ్, అంటే జబ్బును ముందుగా పసిగట్టే పరీక్షలు, మానేస్తేనే ప్రమాదం.

జన్యువు కంటే టీకా ఎంత బలమైనదో హెపటైటిస్ బీలో చూడండి. హెచ్‌ఎల్‌ఏలో డీపీ రకాన్ని బట్టి ఈ వైరస్ ఒంట్లో ఉండిపోయే అవకాశం మారుతుందని 2009లో జపాన్‌లో కనుగొన్నారు. కానీ పుట్టిన కొత్తలో సోకితే దాదాపు 90 శాతం మందికి ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపే. ఆ తేడా ముందు డీపీ తేడా చాలా చిన్నది. తైవాన్‌లో 1984లో పుట్టిన పిల్లలకు టీకా మొదలుపెట్టారు. పది పన్నెండేళ్లు గడిచేసరికి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి పడిపోయింది. వాళ్ల జన్యువులు మారలేదు కదా.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. పెద్దమ్మాయికి 11 ఏళ్లు, హెచ్‌పీవీ టీకాకు ఇది సరైన వయసు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా 2023 నుంచి దొరుకుతోంది. చిన్నమ్మాయికి తొమ్మిది నిండాక. మీ అత్తగారు ఖమ్మంలో జరిగింది గుర్తుచేసి వద్దంటున్నారని రాశారు. 2009-10లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు గిరిజన పిల్లలకు ఈ టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులను సరిగా అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించిన మాట నిజం. అది తప్పు. అప్పుడు చనిపోయిన పిల్లల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. 2010లో ఆ గొడవ వల్ల దేశంలో ఈ టీకా పరిశోధనలన్నీ ఆపేశారు. దాంతో వేరే పరిశోధనలో ఉన్న వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసుతోనే ఆగిపోయింది. వాళ్లను పదేళ్లు గమనిస్తే ఆ ఒక్క డోసే బాగా కాపాడుతోందని తేలింది. ఇవాళ ప్రపంచమంతా ఒక్క డోసు గురించి మాట్లాడడానికి మన దేశపు ఆ అమ్మాయిలు కూడా ఒక కారణం. అత్తగారికి ఈ రెండు విషయాలూ దాచకుండా చెప్పండి.

మీకు ముప్పై దాటాయి కాబట్టి ఈ నెలలోనే గర్భసంచి ముఖద్వార పరీక్ష చేయించుకోండి. హెచ్‌పీవీ పరీక్ష దొరికితే అది మేలు. దొరకకపోతే ఆరోగ్య కేంద్రంలో చేసే వీఐఏ, అంటే పలుచటి వెనిగర్ లాంటి ద్రావణం అద్ది తెల్ల మచ్చ వస్తుందేమో చూసే పరీక్ష. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. మీ ఊరి ఆశా కార్యకర్తకు ఎప్పుడు, ఎక్కడ చేస్తారో తెలుస్తుంది. అమ్మ చెల్లెళ్లకూ మీ అక్కచెల్లెళ్లకూ కూడా చెప్పండి. ఇంట్లో అందరూ ఒకసారి హెపటైటిస్ బీ రక్త పరీక్ష చేయించుకోండి, వైరస్ లేదని తేలితే పెద్దవాళ్లూ టీకా వేయించుకోవచ్చు. నలభై లోపు ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చినా, దగ్గరి బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రొమ్ము, అండాశయం, పెద్దపేగు క్యాన్సర్లు ఉన్నా అది వేరే కథ. అప్పుడు జన్యు నిపుణుల దగ్గరికి వెళ్లాలి.

చివరగా చిన్నమ్మ కాగితాలు. ఎండోస్కోపీలో ముక్క తీసి పంపిన బయాప్సీ రిపోర్టు ఉంటుంది. అందులో హెచ్ పైలోరీ అని రాసి, పక్కన పాజిటివ్ అనో, ప్రెజెంట్ అనో ఉందేమో చూడండి. కొరియాలో కడుపు క్యాన్సర్ రోగుల తోబుట్టువులకు, పిల్లలకు ఈ బ్యాక్టీరియా ఉందని తేలితే మందులిచ్చి ఏళ్ల తరబడి గమనించారు. 2020లో వచ్చిన ఫలితాల్లో, మందులు వాడినవాళ్లలో కడుపు క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. చిన్నమ్మకు ఇద్దరు కొడుకులు అన్నారు కదా. రిపోర్టులో ఏమున్నా వాళ్లిద్దరినీ ఒకసారి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర ఈ బ్యాక్టీరియా పరీక్ష చేయించుకోమని ఫోన్ చేసి చెప్పండి. వాళ్లకు ఈ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.